సంతకం పెడితే నాన్నను చంపుకున్నట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాన్నకు 76 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎముకలకు కూడా పాకింది, కీమో ఇక పనిచేయదన్నారు. 'గుండె ఆగితే సీపీఆర్ వద్దు' అన్న ఫారం చేతికిచ్చి ఆలోచించుకోమన్నారు. డాలస్‌లో ఉన్న అన్నయ్యేమో ఎంత ఖర్చయినా వెంటిలేటర్ పెట్టించమంటున్నాడు. సంతకం పెడితే నాన్నను నేనే చంపుకున్నట్టు కాదా?
– ఒక కూతురు, కూకట్‌పల్లి

జవాబు: కాదమ్మా. గుండె ఆగిపోయాక ఛాతీ నొక్కడం, షాక్ ఇవ్వడం లాంటివి వద్దనడం వరకే ఆ కాగితం. నొప్పికి మార్ఫిన్, ఆయాసానికి ఆక్సిజన్, మిగతా వైద్యం ఆగవు, 2020లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే.

సీపీఆర్ అంటే సినిమాల్లోలా రెండు గుద్దులు గుద్దగానే మనిషి లేచి కూర్చోవడం కాదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ రెండంగుళాలు లోపలికి దిగేలా నొక్కాలి. క్యాన్సర్ తినేసిన పక్కటెముకలు అరచేతి కింద పటుక్కుమంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, తలుపు బయట నిలబడ్డ పిల్లలకు తెలియదు. నలభై ఏళ్ల మనిషికి హఠాత్తుగా గుండె ఆగితే నేను క్షణం కూడా ఆలోచించకుండా నొక్కుతాను, కానీ మీ నాన్నగారి గుండె ఆగేది జబ్బు చివరికొచ్చాక, ఒకవేళ మళ్లీ కొట్టుకున్నా ఆ జబ్బు అక్కడే ఉంటుంది.

అసలు మీ ఉత్తరంలో లేనిది ఒకటుంది. నాన్నగారు ఏమంటున్నారు? ఆయన తెలివిలో ఉంటే నిర్ణయం ఆయనదే, మీదీ కాదు, అన్నయ్యదీ కాదు. మన ఇళ్లల్లో పెద్దాయనకు క్యాన్సరని చెప్పకుండా గ్యాస్ ట్రబుల్ అని నెట్టుకొస్తాం (మా అమ్మ విషయంలో నేనూ అదే చేశాను, ఇప్పటికీ బాధగానే ఉంది). సాయంత్రం కాస్త నొప్పి తగ్గినప్పుడు పక్కన కూర్చుని అడగండి. లివింగ్ విల్ (చివరి దశలో తనకు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే పత్రం) రాస్తానంటే, 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, 2023లో పద్ధతినీ తేలిక చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ఉంటే చాలు.

అన్నయ్యతో మీరు వాదించకండి. దూరంగా ఉన్నవాళ్లకు ఈ పంతం ఎక్కువ, రాలేకపోయామన్న బాధ అలా బయటపడుతుంది. డాక్టర్‌తో వీడియో కాల్ పెట్టించండి, 'వెంటిలేటర్ పెడితే నాన్న ఇంటికొస్తారా?' అని తననే అడగనివ్వండి.

నొప్పి సంగతి మాత్రం రేపటికి వాయిదా వేయొద్దు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగం ఉంది, వెళ్లి కలవండి. ఇక ఆ ఫారం అంటారా, సంతకం పెట్టాక మనసు మారితే రద్దు చేయించుకోవచ్చు.