ఖరీదుకూ మన్నికకూ పొంతన ఎందుకు కుదరదు?

ప్రశ్న: ఎనిమిదేళ్ల కిందట తాహతుకు మించి ఖర్చుపెట్టి కొన్న క్లాస్-ఏ యాంప్లిఫయర్ ఇప్పటికే రెండుసార్లు రిపేరుకు వెళ్లివచ్చింది. రెండుసార్లూ కెపాసిటర్లు (విద్యుత్తును కొద్దిసేపు నిల్వచేసే భాగాలు) పోయాయనే చెప్పారు. మా నాన్నగారు కొన్న మామూలు స్టీరియో సెట్టు మాత్రం నలభై ఏళ్లు దాటినా స్విచ్ వేస్తే పాడుతోంది. అంత ధర పెట్టిన వస్తువు కనీసం ఆ చౌకరకం సెట్టంత కాలమైనా పనిచేయవద్దా?

జవాబు: మీ బాధ న్యాయమైనదే. అయితే మీరు చెల్లించిన సొమ్ము దేనికి పోయిందో ముందు చూడాలి. బరువైన ట్రాన్స్‌ఫార్మర్, మందపాటి అల్యూమినియం పెట్టె, ఏరి జతకూర్చిన ట్రాన్సిస్టర్లు, ఇవన్నీ ప్రధానంగా శబ్దం కోసం, కొంత అందం కోసం పెట్టిన ఖర్చులు. వీటిలో కొన్ని మన్నికకూ తోడ్పడతాయి గానీ, మంచి శబ్దం కోసం ఎంచుకున్న పద్ధతే ఆయుష్షును తగ్గించే సందర్భాలూ ఉన్నాయి, మీ యాంప్లిఫయర్ అటువంటిదే. క్లాస్-ఏ పద్ధతిలో పాట ఉన్నా లేకపోయినా ట్రాన్సిస్టర్ల గుండా కరెంటు నిండుగా పారుతూనే ఉంటుంది. సిద్ధాంతరీత్యా దాని సామర్థ్యం 50 శాతం దాటదు కనుక, ఒక్కో చానెల్‌కు 50 వాట్లు ఇచ్చే స్టీరియో యాంప్లిఫయర్ ఏమీ పాడకుండా ఊరకే ఉన్నప్పుడు కూడా కనీసం 200 వాట్లను వేడిగా మార్చి వదులుతుంది.

ఆ వేడికి మొదట బలయ్యేవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. వాటి లోపల ఉండే ద్రవం ఏళ్ల తరబడి మెల్లగా ఆరిపోతుంది, వేడి పెరిగినకొద్దీ ఇంకా త్వరగా ఆరిపోతుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేస్తుందని తయారీదారు ముద్రించిన కెపాసిటర్‌కు ప్రతి 10 డిగ్రీల తగ్గుదలకూ రెట్టింపు కాలం వస్తుందన్నది ఇంజినీర్లు వాడే ఉజ్జాయింపు లెక్క. ఆ ప్రకారం 85 డిగ్రీల దగ్గర 8,000 గంటలు, 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు. రోజుకు నాలుగు గంటలు వినే ఇంట్లో మొదటిది అయిదున్నరేళ్లు, రెండోది దాదాపు ఇరవై రెండేళ్లు. కెపాసిటర్ ఒకటే, దాన్ని ట్రాన్సిస్టర్ల వేడిని బయటికి వదులుతూ తానూ వేడెక్కే హీట్‌సింకు పక్కన బిగించారా, దూరంగా బిగించారా అన్నదే తేడా. మీ యాంప్లిఫయర్‌ను తలుపులున్న అలమారలో పెట్టి ఉంటే ముందు అక్కడి నుంచి తీయండి. పైన కనీసం జానెడు ఖాళీ ఉండాలి, దాని మీద మరో పరికరం పెట్టకూడదు.

మరొక కారణం తయారీ సంఖ్య. లక్షల సెట్లు చేసే కంపెనీకి ఒక డిజైన్‌లోని లోపం మొదటి ఏడాదిలోనే ఫిర్యాదుల రూపంలో తెలిసిపోతుంది, తరువాతి సెట్లలో సరిచేస్తుంది. ఏడాదికి కొన్ని వందలు మాత్రమే చేసే చిన్న సంస్థకు ఆ అవకాశం తక్కువ. ఎంత శ్రద్ధగా చేతితో చేసినా, పదేళ్ల తరువాత ఏ భాగం పోతుందో కొన్నవారి ఇంట్లోనే తేలుతుంది.

ఇక నాన్నగారి సెట్టు సంగతి. దానితోపాటు అమ్ముడైనవాటిలో ఎన్నో ఎప్పుడో తుక్కులోకి పోయి ఉంటాయి. మన కళ్లకు కనిపించేది మిగిలినది మాత్రమే కాబట్టి పాత కాలపు సరుకంతా గట్టిదన్న అభిప్రాయం కలుగుతుంది. అది పాడుతోందంటే ఆరోగ్యంగా ఉందని కూడా అనుకోకండి. ఒకసారి మూత తీయించి చూస్తే పెద్ద కెపాసిటర్ల పైభాగం కొద్దిగా ఉబ్బి ఉండటమో, కాళ్ల దగ్గర గోధుమరంగు మరక కట్టి ఉండటమో కనిపించవచ్చు.

ప్రశ్న: చాలా మంచి పేరున్న యాంప్లిఫయర్. ఎడమ స్పీకరు అప్పుడప్పుడు మూగబోతుంది, వాల్యూమ్ గట్టిగా పెంచితే టక్కున తిరిగి పలుకుతుంది. స్పీకరే మార్చాలని ఒకరు, యాంప్లిఫయరే పనికిరాదని మరొకరు అంటున్నారు.

జవాబు: ఏదీ మార్చకముందు కరెంటు ఆపి, యాంప్లిఫయర్ వెనుక కుడి, ఎడమ స్పీకరు వైర్లను అటుదిటు చేసి వినండి. ఇప్పుడు కుడి స్పీకరు మూగబోతే దోషం యాంప్లిఫయర్‌ది లేదా దానికి పాటనిచ్చే పరికరానిది, అదే ఎడమ స్పీకరు మూగబోతే దోషం స్పీకరుదో వైరుదో. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి నా అనుమానం రిలే మీద, అంటే స్పీకరును యాంప్లిఫయర్‌కు కలిపే, విడదీసే లోపలి స్విచ్ మీద. స్విచ్ వేసిన కొద్ది క్షణాలకు లోపల వినిపించే ‘టక్’ దానిదే. దాని కాంటాక్టుల మీద ఏళ్ల తరబడి సన్నని ఆక్సైడ్ పొర పేరుకుంటుంది. తక్కువ వాల్యూమ్‌లో పారే కొద్దిపాటి కరెంటు ఆ పొరను దాటలేదు, వాల్యూమ్ పెంచితే దాటుతుంది. గరుకు కాగితంతో రుద్దితే కొంతకాలం పనిచేస్తుంది గానీ కాంటాక్టుల పైపూత పోతుంది. రిలేను మార్చించడమే మంచిది, అది మొత్తం యాంప్లిఫయర్‌లోని చౌకైన భాగాల్లో ఒకటి. రిలే లేకుండా నేరుగా కలిపేస్తానని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయినప్పుడు డీసీ కరెంటు స్పీకరులోకి వెళ్లి, దాని లోపలి తీగచుట్ట అయిన వాయిస్ కాయిల్‌ను కాల్చివేయకుండా ఆపేది అదే.

ప్రశ్న: ఇరవై ఏళ్లనాటి ఖరీదైన స్పీకర్లు తక్కువకు వస్తున్నాయి. తీసుకోవచ్చా?

జవాబు: గుడ్డ తొడుగు తీసి, కోను చుట్టూ ఉండే అంచును వేలితో మెల్లగా తాకి చూడండి. అది ఫోమ్‌తో చేసినదై, వేలికి జిగటగానో పొడిపొడిగానో అంటుకుంటే ఆయుష్షు తీరినట్టే, ఎంతటి కంపెనీదైనా ఫోమ్ గాలిలోని తేమకు, ఆక్సిజన్‌కు నిలవదు. అంచు మాత్రమే కొత్తది వేయించవచ్చు కనుక అది బేరమాడుకోవడానికి కారణం గానీ వదులుకోవడానికి కాదు. రబ్బరు అంచయితే చాలాకాలం నిలుస్తుంది. సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకరు, అంటే ట్వీటర్, కాలిపోయి, దాని విడిభాగం దొరకకపోతే మాత్రం వదిలేయండి.

ప్రశ్న: యాంప్లిఫయర్, సీడీ ప్లేయర్, ఇంటర్నెట్ స్ట్రీమింగ్ మూడూ ఒకే పెట్టెలో ఉన్నది కొనాలా, విడివిడిగానా?

జవాబు: విడివిడిగానే కొనండి. మంచి యాంప్లిఫయర్ పాతికేళ్లు పనిచేయగలదు, సీడీ ప్లేయర్‌లోని లేజర్ భాగం అంతకాలం ఉండదు. పైగా చిన్న సంస్థలు ఆ యంత్రభాగాన్ని బయటి కంపెనీల నుంచి కొని బిగిస్తాయి, అక్కడ తయారీ ఆగితే ఎంత ఖరీదైన ప్లేయరైనా అలంకారంగా మిగులుతుంది. స్ట్రీమింగ్ సంగతి ఇంకా తొందర. దానిలో ఏ భాగమూ చెడకపోయినా సాఫ్ట్‌వేర్ మద్దతు ఆగితే చాలు. ఇంటర్నెట్‌తో పాడే స్పీకర్లు చేసే సోనోస్ సంస్థ 2020లో తన పాత పరికరాలకు కొత్త సాఫ్ట్‌వేర్ సదుపాయాలు ఇవ్వబోనని ప్రకటించినప్పుడు, చక్కగా పాడుతున్న సెట్లున్నవారే గగ్గోలు పెట్టారు. స్ట్రీమర్‌ను చిన్నదిగా, విడిగా ఉంచుకుంటే అయిదారేళ్లకు అదొక్కటే మార్చుకుంటారు. యాంప్లిఫయర్ కొనేటప్పుడు సర్వీస్ మాన్యువల్ బయటివారికి ఇస్తారా, ఆ కంపెనీ పదిహేనేళ్ల కిందటి తన సొంత మోడల్‌ను ఇప్పటికీ రిపేరు చేస్తోందా అని అడగండి.