పాత ప్రేమికుడు తిరిగొచ్చే నవలల్ని నమ్మకండి

అడిగిన ప్రశ్న ఇది: "నలభై దాటి ఒంటరిగా మిగిలిన గే మగవాళ్ళకి మళ్ళీ ప్రేమ దొరికే రొమాన్స్ నవలలు ఉంటాయి కదా, అవి నిజజీవితానికి దగ్గరగా ఉంటాయా? చదివితే ఒంటరితనం తగ్గుతుందా, ఇంకా పెరుగుతుందా?"

నాకు యాభై దాటాయి, నేను గేని, ఈ నవలలు గుట్టలుగా చదివాను. కాబట్టి జవాబు చెప్పే హక్కు నాకుందనే అనుకుంటున్నాను. ఇవి రెండు రకాలు. విడిపోయిన పాత ప్రేమికుడే ఏళ్ళ తర్వాత తిరిగొచ్చేవి ఒక రకం. ప్రేమించినవాడు చనిపోయాకో, వదిలేశాకో, ఇక నా పని అయిపోయిందనుకున్న మనిషి జీవితంలోకి కొత్తవాడు వచ్చేవి ఇంకో రకం. మొదటి రకం పచ్చి అబద్ధం. రెండో రకంలో పై మెరుగులు తీసేస్తే చాలావరకు నిజమే. తొందరలో ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆపేయవచ్చు.

మొదటి రకం మీద నాకెందుకంత కోపమో చెప్తాను. వాటిలో ఇద్దరూ విడిపోవడానికి కారణం ఎప్పుడూ ఏదో ఒక అపార్థం. చేరని ఉత్తరమో, సగం విన్న ఫోన్ సంభాషణో, మధ్యలో దూరి పుల్లలు పెట్టిన స్నేహితుడో. ఇరవై ఏళ్ళయ్యాక ఆ చిక్కు విడిపోతే చాలు, ప్రేమ చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది. మనుషులు అలా విడిపోరండీ.

మేం ఎలా విడిపోయామో చూడండి. అతనూ నేనూ ఒకే ఇంట్లో చాలా ఏళ్ళు ఉన్నాం. వాళ్ళవాళ్ళకి నేను రూమ్మేట్‌ని, మావాళ్ళకి అతను రూమ్మేట్. ఆఫీసులోనూ అంతే, ఇంటి ఓనర్‌కీ అంతే. ఎవరైనా వస్తున్నారంటే రెండో గదిలో మంచం మీద దుప్పటి నలిపి, దిండు కాస్త నొక్కి, రాత్రి అక్కడ ఎవరో పడుకున్నట్టు చేసేవాళ్ళం. మొదట్లో ఆ పని నవ్వుకుంటూ చేశాం. తర్వాత మాట్లాడుకోకుండా చేశాం. ఆఖరికి అతను నిజంగానే ఆ గదిలో పడుకోవడం మొదలుపెట్టాడు. రూమ్మేట్లమని చెప్పుకుని చెప్పుకుని రూమ్మేట్లమే అయిపోయాం. ఇందులో విలన్ ఎవరు? ఏ ఉత్తరం చేరలేదని చెప్పాలి?

ఏళ్ళు గడిచాక ఒకరోజు అతని నుంచి మెసేజ్. ఏదో పనిమీద వెళ్తున్నాడట, మా ఊరి స్టేషన్లో బండి మారాలి, మధ్యలో రెండు గంటలు ఖాళీ, వీలైతే రమ్మని. మెసేజ్ చూడగానే నాకు ఎలా ఉండి ఉంటుందో ఈ నవలలు చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. రెండు చొక్కాలు మార్చాను. గడ్డానికి రంగు వేద్దామా అని అద్దం ముందు నిలబడి, సిగ్గేసి మానేశాను.

వెయిటింగ్ రూంలో అతన్ని నేను గుర్తుపట్టలేదు. అతనే చెయ్యి ఊపాడు. మీసం తీసేశాడు, జుట్టు పోయింది. అదేం పెద్ద విషయం కాదు, నేను మాత్రం ఏం మిగిలాను. ఎడమ చెవి సరిగ్గా వినబడదని చెప్పి నన్ను అటునుంచి ఇటు కూర్చోమన్నాడు. మైకులో అనౌన్స్‌మెంట్ వచ్చినప్పుడల్లా మాట ఆపేసి వినేవాళ్ళం. వాటిలో ఒక్కటీ అతని బండి గురించి కాదు. అయినా ఇద్దరం చాలా శ్రద్ధగా విన్నాం, ఎందుకంటే వింటున్నంతసేపూ మాట్లాడక్కర్లేదు.

తర్వాత పాత సంగతులు వచ్చాయి. అతను వెళ్ళిపోయిన రోజు గురించి. నాకు గుర్తున్నది ఏమిటంటే, ఉదయం లేచేసరికి సూట్‌కేసు తలుపు దగ్గర ఉంది. అతనికి గుర్తున్నది ఏమిటంటే, ముందురోజు రాత్రి నేనే "నువ్వు వెళ్ళిపోతే ఇద్దరికీ ఊపిరాడుతుంది" అన్నాను. నేనలా అనలేదన్నాను. "అన్నావురా, కరెంటు బిల్లు చేతిలో పట్టుకుని అన్నావు" అన్నాడు. అంత వివరంగా చెప్పాక ఏం వాదించను? నవల్లో అయితే ఈ ఘట్టంలో ఇద్దరికీ కళ్ళు తెరుచుకుని, కన్నీళ్ళతో కౌగిలించుకోవాలి. మాకు అది పాత ఇంటి జాగ్రఫీ గురించి మాట్లాడుకున్నట్టు అనిపించింది. కాసేపటికి పొడవాటి స్టాండు లైటు ఎవరి దగ్గరుందనే విషయానికి వెళ్ళిపోయాం.

"ఇంకా ఆ పుస్తకాలు చదువుతున్నావా?" అని అడిగాడు.

"చదువుతున్నా."

"వాటిలో మనలాంటివాళ్ళు మళ్ళీ కలుస్తారా?"

"కలుస్తారు. ఖాయంగా."

అతను నవ్వాడు. ఆ నవ్వు మాత్రం మారలేదు. "మరి మనం?" అన్నాడు.

"నీ బండి ఎన్నింటికి?" అన్నాను.

బండి సరిగ్గా సమయానికి వచ్చింది. నవలైతే వరదలొచ్చి బండి రద్దయ్యేది, ఊళ్ళో ఒకే హోటల్, హోటల్లో ఒకే గది, గదిలో ఒకే మంచం. ఈ ఒకే మంచం వ్యవహారం ఎన్ని పుస్తకాల్లో వస్తుందో లెక్కలేదు. ప్రపంచంలో హోటళ్ళు కట్టేవాళ్ళకి రెండో మంచం కొనే స్తోమతే లేదనుకోవాలి.

పాతవాడు తిరిగొచ్చే కథల్లో నాకు నచ్చింది ఒకే ఒక్కటి, ఆండ్రూ షాన్ గ్రీర్ రాసిన 'లెస్'. 2018లో దానికి అమెరికాలో పేరున్న పులిట్జర్ బహుమతి వచ్చింది. హీరో యాభైకి దగ్గరపడిన, పెద్దగా పేరు రాని రచయిత. మాజీ ప్రియుడి పెళ్ళికి వెళ్ళలేక, వెళ్ళనని చెప్పలేక, వచ్చిన ప్రతి పనికిమాలిన ఆహ్వానాన్నీ ఒప్పుకుని ప్రపంచమంతా తిరుగుతాడు. ముగింపు చెప్పను. ఆ మనిషి తనని చూసి తాను నవ్వుకోగలడు, అందుకే నమ్మబుద్ధేస్తుంది. రొమాన్స్ హీరోల్లో చాలామందికి ఆ గుణం ఉండదు. కండలుంటాయి.

కండల మాట వచ్చింది కాబట్టి ఇంకో బాధ కూడా చెప్పుకోనివ్వండి. "జీవితం మీద ఆశలు వదులుకున్న ఒంటరి మనిషి" అని వెనక అట్ట మీద రాసుంటుంది. లోపల చూస్తే వాడికి ముప్పై నాలుగేళ్ళు! ముప్పై నాలుగుకి ఆశలు వదిలేస్తే మా సంగతేంటి? యాభై ఐదేళ్ళ హీరో ఉన్నా, అతనికి మోకాళ్ళ నొప్పులుండవు, రాత్రి రెండుసార్లు లేవక్కర్లేదు, చదవడానికి కళ్ళజోడు వెతుక్కోడు. వయసంటే కణతల దగ్గర నాలుగు నెరిసిన వెంట్రుకలు, అంతే. ఈ రకం నవలలు ఎక్కువగా ఆడవాళ్ళే రాస్తారు, వాళ్ళకేం తెలుసు అని కొందరంటారు. నేనొప్పుకోను. రాసేది ఎవరైనా, మోకాళ్ళ గురించి తెలిసుంటే చాలు.

"చివర్లో అంతా బాగైపోతుంది, అదే పెద్ద అబద్ధం" అనేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. రొమాన్స్ అన్నాక ముగింపులో ఆశ ఉండాలి. అది ఆ జానర్‌కి పెట్టుకున్న నియమం, డిటెక్టివ్ నవల చివర్లో హంతకుడు దొరకడం లాంటిదే. గే కథలకి ఆ మాత్రం ఆశ దక్కడానికి ఎంతకాలం పట్టిందో మర్చిపోతున్నారు. ఇ.ఎం. ఫార్‌స్టర్ 'మారిస్' నవలని 1913-14 లోనే రాశాడు. ఇద్దరు మగవాళ్ళు చివరికి కలిసి బతకాల్సిందేనని పట్టుబట్టి ఆ ముగింపు పెట్టాడు, ఆ ముగింపు వల్లే దాన్ని అచ్చువేయడం కష్టమని తెలిసి కూడా. మగవాళ్ళ మధ్య సంబంధం నేరమనే చట్టం ఇంగ్లండులో మారింది 1967లో. ఆయన పోయింది 1970లో. పుస్తకం బయటికొచ్చింది 1971లో. ఆ ఇద్దరిలో ఒకడు ఉరేసుకునో, జైలుకెళ్ళో ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. చావుకి ఎవరి అభ్యంతరమూ లేదు, సుఖంగా ఉండటమే తప్పయింది. అందుకే ఎవరైనా "హ్యాపీ ఎండింగ్ చీప్" అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

వయసు మళ్ళిన గే ప్రేమకథలు ఆలస్యంగా రావడానికి ఎయిడ్స్ కూడా ఒక కారణమని నా అభిప్రాయం. అమెరికాలో మొదటి కేసులు నివేదికకెక్కింది 1981లో, గట్టిగా పనిచేసే మందుల కలయిక వచ్చింది 1996 ప్రాంతంలో. ఆ మధ్యకాలంలో ఎందరో యువకులు ముసలితనం చూడకుండానే పోయారు. మిగిలినవాళ్ళు రాసిన పుస్తకాల్లో చాలావాటి నిండా సంతాపమే. యాభై ఏళ్ళ హీరోని ఊహించాలంటే ముందు యాభై ఏళ్ళ మనుషులు చుట్టూ కనబడాలి కదా.

ఇక రెండో రకం, నేను నిజమన్నవి. వాటిలో బాగా రాసినవి ఒక విషయాన్ని సరిగ్గా పట్టుకుంటాయి. తోడు పోయిన గే మగవాడి బాధకి చాలాచోట్ల ఏ కాగితం మీదా చోటుండదు. అతను భర్త కాడు, బంధువు కాడు. ఆఫీసులో సెలవు అడగాలన్నా, ఎవరు పోయారంటే స్నేహితుడనే చెప్పాలి. క్రిస్టఫర్ ఇషర్‌వుడ్ 1964లో 'ఎ సింగిల్ మ్యాన్' రాశాడు. కలిసి బతికినవాడు కారు ప్రమాదంలో పోయాక, ఒక ప్రొఫెసర్ ఒంటరిగా గడిపే ఒక్క రోజే ఆ నవలంతా. అది రొమాన్స్ కాదు. కానీ ఇప్పుడొచ్చే మంచి రొమాన్సులన్నీ ఆ మనిషికి రెండో రోజు ఎలా ఉంటుందని అడుగుతున్నవేనని నేనంటాను. విమర్శకులు ఒప్పుకోకపోవచ్చు.

వీటిలో నేను వెతికేది మొదటి ముద్దు కాదు. కొత్తగా వచ్చినవాడు గోడ మీద ఫోటో చూసి "ఈయన ఎలా ఉండేవాడు?" అని అడిగే చోటు. అక్కడ రచయిత సత్తా తెలిసిపోతుంది. చేతకాని రచయితలు చనిపోయినవాణ్ణి దేవుణ్ణి చేస్తారు, లేదా సగం పుస్తకం అయ్యాక అతనిలో ఏదో రహస్య దుర్మార్గం బయటపెడతారు, కొత్తవాడికి దారి క్లియర్ చేయడానికి. పోయినవాడు మామూలు మనిషిగా, గురకపెట్టి, అప్పులు మర్చిపోయి, మంచివాడుగానే ఉండగా కొత్తవాడికి చోటు దొరకాలి. అలా రాయడం కష్టం. రాసినవాళ్ళకి దండం.

ఒంటరితనం పెరుగుతుందా అన్నారు. నాకైతే పెరగలేదు, కాబట్టి ఎవరికీ పెరగదని నా గట్టి నమ్మకం. ఒకటి మాత్రం జరిగింది. స్టేషన్ నుంచి ఇంటికొచ్చాక నేను ఆ మొదటి రకం పుస్తకాలన్నీ తీసేశాను. వాటితో ఖాళీ అయిన అలమరని కూడా అమ్మకానికి పెట్టాను. దాన్ని కొనడానికొచ్చినాయన టేపు పెట్టి కొలిచి, ఇది లిఫ్టులో పట్టదన్నాడు. విడదీయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. అప్పుడు రూమ్మేట్ అనే మాట వాడకుండా, నాతో ఇక్కడ ఒకతను ఉండేవాడు, విడిపోయాం అని ఒక కొత్త మనిషికి మొదటిసారి చెప్పాను. ఆయన స్క్రూలు లెక్కపెట్టుకుంటూ "ఎన్నాళ్ళున్నారు?" అని మాత్రం అడిగాడు. అంతకుమించి ఆయన గురించి రాయను, తన గురించి ఇంటర్నెట్లో రాస్తే ఆయనకి నచ్చదు.

మీకు చెప్పేదేమంటే, రెండో రకంతో మొదలుపెట్టండి. హీరో వయసు నలభై ఐదుకి తక్కువైతే వదిలేయండి. చివరి అధ్యాయం తర్వాత "ఐదేళ్ళ తర్వాత" అని ఇంకో అధ్యాయం కనబడితే దాన్ని చదవక్కర్లేదు, పెళ్ళీ కుక్కపిల్లా తప్ప అందులో ఏమీ ఉండదు. కవర్ మీద తలలేని మొండెం, ఆరు పలకల పొట్ట ఉంటే పారిపోండని మాత్రం చెప్పలేను. నాకు బాగా నచ్చిన రెండు పుస్తకాలకీ అదే కవర్. బయట చదవాలంటే అట్ట వేసుకోండి.