లాన్‌గ్రానోగ్ చరిత్ర రాయబోతున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

వేల్స్ పడమటి తీరంలోని లాన్‌గ్రానోగ్ పారిష్ (ఒక చర్చి పరిధిలోని ఊరి ప్రాంతం) మీద నువ్వు పంపిన మొదటి అధ్యాయాన్ని రెండుసార్లు చదివాను. ఆ ఓడ కుటుంబాల కథ రాయాలన్న నీ సంకల్పం నాకెంతో నచ్చింది. అయితే నువ్వు గీసిన వంశవృక్షాన్ని మాత్రం నమ్మలేకపోయాను. బాప్టిజం రిజిస్టరులోని డేవిడ్ జోన్స్, 1841 జనాభా లెక్కల్లోని డేవిడ్ జోన్స్ ఒకరే అనడానికి పేరు తప్ప నువ్వు వేరే ఆధారం చూపలేదు. ఆ ఏడాది లెక్కల్లో పుట్టిన పారిష్ పేరు రాయలేదు. పెద్దవాళ్ల వయసులనైతే సాధారణంగా అయిదేళ్ల లెక్కకు కుదించి రాశారు. మా వంశచరిత్రలో నేనూ ఒకే పేరున్న ఇద్దరు ముత్తాతలను ఒక్కరిగా రాసి, అది అచ్చయ్యాక ఎంతో బాధపడ్డాను.

వేల్స్‌లో చాలాకాలం తండ్రి పేరే బిడ్డకు రెండో పేరు. రీస్ కొడుకు 'ఆప్ రీస్', అదే తర్వాత ప్రైస్ అయింది. 'అబ్ ఓవెన్' బోవెన్ అయింది. చివరికి జోన్స్, డేవిస్, ఇవాన్స్ వంటి కొద్ది పేర్లే పారిష్‌లన్నిటా నిండిపోవడంతో, ఊరివాళ్లు మనిషిని అతని ఇంటి పేరుతోనో పొలం పేరుతోనో, కెప్టెన్ అయితే ఓడ పేరుతోనో గుర్తించేవారు. మనం వంశానికి వాడే 'ఇంటిపేరు' అన్న మాట అక్కడ అక్షరాలా నిజం. అందుకే ముందు ఇంటిని పట్టుకో. 1836 చట్టం తర్వాత చర్చికి చెల్లించే దశమభాగం, అంటే పంటలో పదోవంతు, లెక్క కోసం గీసిన పటాల్లో, వాటి పట్టికల్లో ప్రతి కమతానికీ సంఖ్య, యజమాని పేరు, సాగుదారు పేరు కనిపిస్తాయి. అబెరిస్ట్విత్‌లోని వేల్స్ జాతీయ గ్రంథాలయం వీటిని, 1858కి ముందు చర్చి న్యాయస్థానాల్లో రుజువైన వీలునామాలను ఉచితంగా చూడనిస్తుంది. వీలునామాలను తొందరపడి చదవకు. ఓడ యాజమాన్యాన్ని 64 వాటాలుగా లెక్కించేవారు కాబట్టి, సముద్రం మీదికి ఎన్నడూ వెళ్లని రైతు, దుకాణదారు, వితంతువు కూడా వాటాదారులై ఉండవచ్చు.

పారిష్ రిజిస్టరు ఆంగ్లికన్ చర్చిది, అంటే అప్పటి అధికారిక చర్చిది. దాన్నుంచి విడిపోయిన శాఖల ప్రార్థనామందిరమైన చాపెల్‌కు వెళ్లే కుటుంబాల పిల్లల బాప్టిజం అందులో లేకపోవచ్చు. కానీ 1754 నుంచి 1837 దాకా క్వేకర్లు (ఒక క్రైస్తవ శాఖవారు), యూదులు తప్ప అందరూ ఆ చర్చిలోనే పెళ్లి చేసుకోవలసి వచ్చింది గనుక, చాపెల్ కుటుంబపు పెళ్లి అక్కడే దొరుకుతుంది, సంతకంతోనో నిశానీతోనో.

లెక్కలు రాసిన రాత్రి మగవాళ్లలో చాలామంది సముద్రం మీద ఉండేవారు. నావికుడి భార్య అని రాసివున్న స్త్రీ దగ్గర ఆగి, ఆమె మగడిని ఇతర కాగితాల్లో వెతుకు: 1863 నుంచి 1938 దాకా బ్రిటిష్ ఓడల సిబ్బంది జాబితాల్లో అత్యధిక భాగం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ మెమోరియల్ విశ్వవిద్యాలయంలో ఉంది. సమాధిరాళ్లను వదలకు. 'ఎర్ కోవ్ అమ్' అంటే జ్ఞాపకార్థం. ఆ మాటల కింద చాలాసార్లు ఇంటి పేరు కూడా చెక్కివుంటుంది. సముద్రంలో పోయినవాడి పేరు కూడా, అతని దేహం లేని రాతి మీద కనిపించవచ్చు. వాటిని చదివేందుకైనా కొంచెం వెల్ష్ నేర్చుకో.

నీ అధ్యాయంలో సారా జేన్ రీస్, అంటే క్రానోగ్వెన్ అన్న కలంపేరుతో పేరొందిన కవయిత్రి, గురించి రాసిన పేజీలు బాగున్నాయి. 1839లో పుట్టి తండ్రి ఓడ మీద ప్రయాణించి, ఊళ్లో నావికులకు నౌకాయాన శాస్త్రం బోధించి, 1865లో ఐస్టెడ్‌ఫోడ్ అనే వెల్ష్ సాహిత్య, సంగీత ఉత్సవపు పోటీలో కవితకు బహుమతి గెలిచిన ఆమె జీవితం ఇప్పటికే చాలామందికి తెలుసు. తెలియనివాళ్లు ఆమె ఎదుట కూర్చున్న విద్యార్థులు. లండన్‌లోని గ్రీనిచ్ నౌకా మ్యూజియంలో భద్రపరిచిన కెప్టెన్ల, వారి కింది అధికారులైన మేట్ల యోగ్యతాపత్రాల్లో పుట్టిన ఊరు, సంవత్సరం ఉంటాయి. ఆ ఊరివాళ్ల పేర్లు అక్కడ వెతుకు. ఒకరు దొరికితే వెంటనే శిష్యుడని రాసేయకు, ఆ సంబంధానికి వేరే ఆధారం కావాలి.

వంశవృక్షాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఒక్క ఇంటిని తీసుకుని అధ్యాయాన్ని తిరిగి రాసి పంపు. పటంలో ఆ కమతం సంఖ్య కూడా రాయి, నేనూ చూస్తాను.