ఖాతా నాదే, డబ్బు మాత్రం నా చేతికి రావట్లేదు – సమాధానం

మీ బ్యాంకు ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు మీ వారిది అయ్యుంటుంది. కావలిలో ఇంటిపట్టునే ఉంటున్నానని, మీ ఫోన్‌లో ఫోన్‌పే రావట్లేదని, ప్రతి రూపాయికీ ఆయన్నే అడగాల్సి వస్తోందని రాశారు. ఖాతాకు ఇచ్చిన నంబరు సిమ్ ఉన్న ఫోన్‌లోనే యూపీఐ మొదలవుతుంది.

1. మీ పేరున సిమ్ తీసుకోండి.

2. పాస్‌బుక్, ఆధార్ పట్టుకుని మీరే బ్యాంకుకు వెళ్లి నంబరు మార్పు ఫారం ఇవ్వండి.

3. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఆధార్‌లో కూడా నంబరు మార్చాలి! లేకపోతే ఆధార్ ఓటీపీలన్నీ ఆయన ఫోన్‌కే పోతాయి. ఆధార్ కేంద్రానికి మీరే వెళ్లండి. వేలిముద్ర వేస్తే చాలు, వేరే కాగితాలు అక్కర్లేదు.

4. డెబిట్ కార్డు పిన్ మార్చి, కార్డు మీ దగ్గరే ఉంచుకోండి.

ఇంట్లో ఉండాలన్నది మీ ఇష్టం, దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కానీ మీ డబ్బు మీ చేతిలో ఉండాలి. సారా అమ్మకాలకు వ్యతిరేకంగా జరిగిన ఉద్యమం తర్వాత మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున పొదుపు చేశారు, వాళ్లలో జీతగాళ్లు ఎంతమంది? మీరూ పోస్టాఫీసులో పీపీఎఫ్ అనే దీర్ఘకాల పొదుపు ఖాతాకు ఏడాదికి 500 రూపాయలు కట్టినా చాలు. నామినీ పేరు మాత్రం ఖాతా తెరిచేటప్పుడే రాయించండి.