ఏయూ 58 సవరను: మళ్లీ గ్రేడింగుకు పంపాలా?

అన్నా, మీ బావగారు లండన్‌లో కొని అనంతపురం తెచ్చిన 1918 బొంబాయి సవరనుకు (బ్రిటిష్ బంగారు నాణెం) గ్రేడింగులో ఏయూ 58 (కొద్దిగా అరిగినది, 70కి 58) వచ్చిందని, గ్రేడు చేసినవారు మూసిన ప్లాస్టిక్ పెట్టె పగలగొట్టి ఎంఎస్ 62 (అరుగుదల లేని నాణేల గ్రేడు) కోసం మళ్లీ అమెరికాకు పంపాలా అని అడిగారు. నా మాట వినండి, పంపకండి.

మొదటి అడ్డు చట్టమే. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని మనంతట మనం దేశం దాటించకూడదు.

దేశంలోనే గ్రేడు చేసేవారు దొరికారనుకుందాం. అప్పుడు పెట్టె తెరవకుండానే ఒకే దీపం కింద నాణేన్ని మెల్లగా వంచుతూ చూడండి. ఐదవ జార్జి చెంప, మీసం, వెనకవైపు గుర్రం భుజం, వీరుడి తొడ చూడండి. మెరుపు ఆ ఎత్తుల మీద కూడా తెగకుండా పారుతుంటే మీకు ఆశ ఉంది. అక్కడ మసకబారి ఆగిపోతే అది అరుగుదలే, ఎన్నిసార్లు పంపినా 58 దాటే ఆశ తక్కువ. చిన్న గీతలను చూసి బెంగపడకండి, సంచుల్లో రాసుకున్న గీతలు ఎంఎస్ నాణేలకూ ఉంటాయి.

బొంబాయి సవరన్ల మీద ఉండే ఏడాది 1918 ఒక్కటే, నిజమే. కానీ దాదాపు 13 లక్షలు కొట్టారు. గ్రేడు 58 నుంచి 62కు పెరిగితే వచ్చే ధర రెండుసార్ల రుసుముకు, బీమాకు సరిపోతుందో లెక్క వేయండి.

దయచేసి మెరుగు మాత్రం పెట్టించకండి. మా అవ్వ సవరనును ప్రొద్దుటూరులో ఒక అంగడిలో ప్రేమగా తోమి ఇచ్చారు. దానికి అంకె గ్రేడే రాలేదు, "శుభ్రం చేసినది" అని రాసి పంపారు. ఇప్పటికీ నాకు బాధే.