కాంటాక్ట్ యాంగిల్ 150 వచ్చినా అల్యూమినియం ప్లేటు మీద చుక్క జారడం లేదంటే

నీరు అంటని అల్యూమినియం ప్లేటు చేస్తున్నానని, కాంటాక్ట్ యాంగిల్ (నీటి చుక్క అంచు ప్లేటుతో చేసే కోణం, ఎక్కువైతే చుక్క గుండ్రంగా నిలిచినట్టు) 150 డిగ్రీలు వచ్చినా చుక్క ఎందుకు జారడం లేదని అడిగారు. మీ ప్లేటు మీద గరుకుదనం ఒకే సైజులో ఉన్నట్టుంది, సమస్య అదే. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో ఎచింగ్ చేసి (అంటే పైభాగం తినేసేలా చేసి గరుకు తెచ్చి) నేరుగా స్టియరిక్ యాసిడ్‌లో (మైనం లాంటి కొవ్వు ఆమ్లం) ముంచానన్నారు కదా, 150 డిగ్రీలు వచ్చినా ప్లేటు తిరగేస్తే చుక్క అతుక్కునే ఉంటోందంటే నీరు ఆ గుంటల్లోకి దిగిపోతోంది, కింద గాలి నిలవడం లేదు. గులాబీ రేకు మీద జరిగేది ఇదే. మనకు కావలసింది తామరాకు తీరు: మైక్రాన్ల సైజు బొడిపెలు, వాటి మీద మళ్లీ నానో సైజు మైనం.

చాలామంది వదిలేసేది మరిగే నీళ్ల స్టెప్పు.

1. ఎచింగ్ అయ్యాక నల్లటి మడ్డి పోయేదాకా కడగండి. ఎచింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడే చోటే చేయండి, దగ్గర్లో మంట అస్సలు వద్దు.

2. మరుగుతున్న డిస్టిల్డ్ వాటర్‌లో 20-30 నిమిషాలు ఉంచండి. పైన బోహ్మైట్ (అల్యూమినియం నీటితో కలిసి ఏర్పడే పదార్థం) నానో రేకుల పొర పెరుగుతుంది, మీకు లేని ఆ రెండో స్థాయి గరుకుదనం దీంతోనే వస్తుంది. కొళాయి నీళ్లు వాడొద్దు, లవణాలు పేరుకుంటాయి.

3. పూర్తిగా ఆరాకే ఇథనాల్‌లో కరిగించిన స్టియరిక్ యాసిడ్‌లో ముంచండి.

4. తీశాక శుభ్రమైన ఇథనాల్‌తో కడగండి, లేకపోతే మిగిలిన స్టియరిక్ యాసిడ్ తెల్లగా గడ్డకట్టి మీరు కష్టపడి తెచ్చిన గరుకునంతా పూడ్చేస్తుంది.

యాంగిల్ ఒక్కటే చూసి నమ్మొద్దు, ప్లేటు 10 డిగ్రీలు వంచేలోపే చుక్క దొర్లాలి. ఇంకో తేలిక పరీక్ష: నీళ్లలో ముంచి పక్క నుంచి చూడండి, వెండిలా మెరిస్తే గాలి పొర నిలిచినట్టే. పరీక్షలయ్యేదాకా వేలితో మాత్రం రుద్దకండి, ఆ రేకులు విరిగిపోతాయి.