పందెం కుక్కలకు పోట్లాటంటే ఇష్టమేనా?

మీరు అడిగినది ఇది: తెలిసినాయన ఒకరు కుక్కల పందెం చూసొచ్చి, "వాటికి పోట్లాటంటే ఇష్టం, తోకలు ఊపుకుంటూ బరిలోకి దిగుతాయి, ఇందులో క్రూరత్వం ఏముంది?" అంటున్నారు. ఆయనకు ఏం చెప్పాలి? పట్టుబడిన పందెం కుక్కల్ని చంపేయడం తప్ప వేరే దారి లేదన్నది నిజమేనా?

తోక ఊపే మాట నిజమే. నేనూ చూశాను. కానీ ఆ తోక వెనక ఏముందో ఆయనకు తెలియదు.

నేను నాలుగేళ్లపాటు సెలవు రోజుల్లో ఒక జంతువుల షెల్టర్‌లో వాలంటీర్‌గా పనిచేశాను. ఒక రాత్రి పోలీసులు ఒక షెడ్డు మీద దాడి చేసి పదకొండు కుక్కల్ని తీసుకొచ్చారు. అన్నీ పిట్‌బుల్ జాతివే, లేదా దాని కలగలుపు. డాక్టరమ్మ ఒక్కోదాన్ని పరీక్షించి గాయాలు చెబుతుంటే రాసుకోవడం నా పని. ముఖం మీద, మెడ మీద, ముందు కాళ్ల మీద పంటి గాట్లు. పాత గాట్ల మీద వెంట్రుకలు మళ్లీ మొలవక తెల్లటి గీతలు మిగిలాయి. కొత్తవి ఇంకా చీము కారుతున్నాయి. ఎదుటి కుక్క నోటికి దొరక్కూడదని చెవులు మొదలంటా కోసేశారు. ఒకదాని తొడ చీలిపోతే కాగితాలకు కొట్టే స్టేపుల్ పిన్నులతో బిగించారు. డాక్టర్ దగ్గరికి తీసుకెళితే విషయం పోలీసుల దాకా వెళుతుందని పందెగాళ్లు సొంత వైద్యమే చేస్తారు. ఆవిడ ఒక్కో పిన్నూ పీకుతుంటే ఆ కుక్క ఆవిడ మోచెయ్యి నాకుతూనే ఉంది.

ఆ నాకడం చూసి నాకు ఏడుపొచ్చింది. తర్వాత డాక్టరమ్మ చెప్పారు: "వీటిని మనిషిని కరవకుండా ఉండేలా చూసుకుని పెంచుతారమ్మా. పందెం మధ్యలో విడదీయడానికి మనిషే కదా బరిలోకి దిగాలి. మనిషి మీద తిరగబడినదాన్ని వాళ్లు ఉంచరు." ఒంటి నిండా గాయాలు చేసిన మనిషినే నమ్ముకుని బతకాల్సిన బతుకు అది.

ఇక ఇష్టం సంగతి. మామూలు కుక్కలు రెండు కొట్లాడుకుంటే ఏం జరుగుతుందో మనమంతా చూసిందే. ముందు గుర్రుమంటాయి, పళ్లు చూపిస్తాయి, మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. బలం లేనిది వెల్లకిలా పడుకుంటే రెండోది వదిలేస్తుంది. చాలా గొడవలు సెకన్లలో తేలిపోతాయి. పందేల కోసం తరతరాలుగా పెంచిన కుక్కల్లో ఈ హెచ్చరికలన్నీ తగ్గిపోయేలా ఏరి ఏరి జత కట్టించారు. అందుకే కొన్ని గుర్రుమనకుండా, తోక ఊపుతూనే మీద పడతాయి. ఎదుటిది ఓడిపోయానని పడుకున్నా ఆగవు. తోక ఊపడమంటే సంతోషమే అనుకోవడం పొరపాటు. ఒళ్లంతా ఉద్రేకంతో బిగుసుకున్నప్పుడు కూడా కుక్క తోక ఆడుతుంది.

శిక్షణ అనే పేరుతో జరిగేది కూడా ఆయనకు చెప్పండి. బరువైన గొలుసులతో పక్కపక్కన కడతారు. ఒకదాన్నొకటి చూడగలవు గానీ అందుకోలేవు. రోజంతా ఆ కసి పెరుగుతూనే ఉంటుంది. ట్రెడ్‌మిల్ మీద ఒగర్చేదాకా పరిగెత్తిస్తారు. పైనుంచి తాడు వేలాడదీసి, దవడలు బలపడాలని నోటితో పట్టుకుని వేలాడేలా చేస్తారు. పిల్లుల్నీ చిన్న కుక్కల్నీ ఎరగా వేసేవాళ్లు ఉన్నారు. స్టెరాయిడ్లు ఇచ్చేవాళ్లు ఉన్నారు.

బరి అంటే చెక్కలతో కట్టిన చిన్న దొడ్డి, కాళ్లు జారకుండా కింద పాత తివాచీ. పోరు గంట సాగవచ్చు, రెండు గంటలూ సాగవచ్చు. అక్కడికక్కడే చచ్చిపోయేవి కొన్ని. రక్తం పోయి, నీరసించి, షాక్‌తో కొన్ని గంటల తర్వాతో, గాయాలు పుచ్చి కొన్ని రోజుల తర్వాతో పోయేవి ఎన్నో. పోరు మధ్యలో మొహం తిప్పుకున్న కుక్కను పిరికిదంటారు. యజమానికి అది పరువు తక్కువ. చాలాసార్లు దాన్ని ఆ రోజే చంపేస్తారు.

పోట్లాట ఇష్టం లేని కుక్కల్ని చంపేసి, మిగిలినవాటిని చూపించి "చూడండి, ఎంత ఇష్టమో" అంటున్నారు. మీకు తెలిసినాయనకు ఈ ఒక్క ముక్క చెప్పినా చాలు.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. పట్టుబడ్డ పందెం కుక్కలన్నిటినీ చంపేయడం చాలాకాలం మామూలు పద్ధతే. అమెరికాలో 2007లో ఫుట్‌బాల్ ఆటగాడు మైఖేల్ విక్ కేసుతో అది మారడం మొదలైంది. వర్జీనియాలోని అతని స్థలంలో పదుల కొద్దీ పిట్‌బుల్స్ దొరికాయి. ఓడిన కుక్కల్ని ఉరి వేసి, నీళ్లలో ముంచి చంపిన సంగతులు బయటపడ్డాయి. అతనికి 23 నెలల జైలు శిక్ష పడింది. కుక్కల పోషణ కోసం 9 లక్షల డాలర్లకు పైగా కట్టమని కోర్టు ఆదేశించింది. ఆ కుక్కల్ని ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించి చూస్తే, మొత్తం మీద అతి కొద్ది మాత్రమే బాగుపడలేనివిగా తేలాయి. వాటిలో 22 కుక్కలు యూటాలోని బెస్ట్ ఫ్రెండ్స్ అనే జంతు సంరక్షణ సంస్థకు వెళ్లాయి. మిగతావాటిని వేరే సంస్థలు తీసుకున్నాయి. పిల్లల దగ్గరా రోగుల దగ్గరా కూర్చునే థెరపీ కుక్కలైనవి కూడా ఉన్నాయి. అయినా రెండేళ్లకు, 2009లో, నార్త్ కరోలినాలోని విల్క్స్ కౌంటీలో పట్టుబడ్డ వందకు పైగా కుక్కల్ని, పుట్టి కొన్ని వారాలైన పిల్లలతో సహా, కోర్టు ఆదేశంతో చంపేశారు. దాని మీద పెద్ద గొడవ జరిగాకే దేన్నైనా విడిగా పరీక్షించాలన్న పద్ధతి గట్టిపడింది. బరిలోకే దిగని పిల్లల్ని ఏ తప్పుకు చంపారు? ఇన్నేళ్లయినా నాకు ఆ వార్త మింగుడు పడదు.

మా దగ్గరికి వచ్చిన పదకొండులో ఒకటి బబీసియోసిస్ అనే రక్తపు జబ్బుతో రెండు వారాల్లో పోయింది. కాట్ల ద్వారా ఒకదాని నుంచి ఒకదానికి పాకే ఈ జబ్బు పందెం కుక్కల్లో ఎక్కువగా కనిపిస్తుంది. రెండింటిని డాక్టరమ్మ శాశ్వతంగా నిద్రపుచ్చాల్సి వచ్చింది. గది గోడ అవతల కుక్క వాసన తగిలినా అవి తమ కాళ్లు తామే కొరుక్కునేవి. నేను దగ్గరే ఉన్నాను. మిగిలిన ఎనిమిదిలో రెండు నెల తిరక్కముందే వేరే కుక్కలతో ఆడుకున్నాయి. కొన్ని మనుషులతో మాత్రమే ఉండగలవు. ఒకటి మూల వదిలి బయటికి రావడానికి అయిదు నెలలు పట్టింది. ఒకే షెడ్డులో పెరిగిన ఎనిమిది కుక్కలు, ఎనిమిది తీర్లు.

వాటిలో ఒకదాన్ని నేనే ఇంటికి తెచ్చుకున్నాను. నుదుటి మీద తెల్లమచ్చ ఉందని చుక్కి అని పేరు పెట్టాం. తెచ్చుకునేసరికి తొమ్మిది నెలలు గడిచాయి, ఎందుకంటే కోర్టు లెక్కలో అది కేస్ ప్రాపర్టీ, అంటే కేసులో పట్టుకున్న వస్తువు లాంటిది. తీర్పు వచ్చేదాకా ఎవరికీ ఇవ్వకూడదు. తొమ్మిది నెలలు ఇనుప జాలీ వెనక ఉండటం కూడా కుక్కకు శిక్షే. ఈ పందేల గురించి రాసేవాళ్లు ఈ విషయం పెద్దగా పట్టించుకోరు. కేసు నడుస్తుండగానే కుక్కల్ని విడిపించే వీలు చట్టంలో ఉన్నచోట అవి ఎంతో త్వరగా కోలుకుంటాయి.

ఇంటికొచ్చిన కొత్తలో చుక్కి మేం చూస్తుండగా తినేది కాదు. గిన్నె పెట్టి వీపు తిప్పాలి. గొలుసు చప్పుడైతే గోడకు అతుక్కుపోయేది, అందుకని గేటుకున్న గొలుసు తీసేసి గడియ పెట్టించాం. మెట్లెక్కడం తెలియదు. నిద్రలో కాళ్లు కొట్టుకుని మూలిగేది. మూడో నెలలో ఒక సాయంత్రం వచ్చి నా పాదం మీద తల పెట్టుకుని పడుకుంది. కాలు తిమ్మిరెక్కినా గంటసేపు కదల్లేదు నేను.

ఇంకొక సంగతీ దాచకుండా చెప్పాలి. ప్రేమిస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయనేవాళ్ల మాట నమ్మకండి. రెండో ఏడు ఒకరోజు నేను ఆ గేటు గడియ సరిగ్గా వేయలేదు. చుక్కి బయటికి పోయి పక్కింటివాళ్ల కుక్క మెడ పట్టుకుంది. ఒక్క గుర్రు కూడా లేదు. ఇద్దరం కలిసి విడిపించేసరికి ఆ కుక్కకు పన్నెండు కుట్లు పడ్డాయి. అది బతికింది, పక్కింటావిడ పెద్ద మనసుతో క్షమించారు, కానీ తప్పు నూటికి నూరుపాళ్లు నాదే. ఆ తర్వాత రెండు గేట్లు, బయట మూతికి చిక్కం, మిగతా కుక్కలు లేవని తెల్లవారకముందే నడక. ఆరేళ్లు అలాగే గడిపాం. అంత పద్ధతిగా ఉండలేనివాళ్లు దయచేసి ఇలాంటి కుక్కను తెచ్చుకోవద్దు. షెల్టర్‌కు వెళ్లి అక్కడే దాన్ని నడిపించినా గొప్ప సాయమే.

ఆపే ప్రయత్నాలు కొత్తవేమీ కావు. ఇంగ్లండులో 1835లోనే చట్టం చేసి ఈ పోరాటాలను నిషేధించారు. భారతదేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం జంతువుల్ని పోట్లాటకు ఉసిగొల్పడమే కాదు, అందుకు చోటివ్వడం కూడా నేరమే. అమెరికాలో 2008 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ ఇది పెద్ద నేరమైంది. 2014 నుంచి అక్కడ కేంద్ర చట్టం కింద చూడ్డానికి వెళ్లడం కూడా నేరమే. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పదునైనది. చూసేవాళ్ల టికెట్ డబ్బు, పందెం డబ్బు లేకపోతే బరి నడవదు. దాడి జరిగినప్పుడు "నేను ఊరికే చూడ్డానికి వచ్చాను" అని నిర్వాహకుడే తప్పించుకునే దారి కూడా దీంతో మూసుకుపోతుంది. అమెరికాలోనే 2009లో ఎనిమిది రాష్ట్రాల్లో ఒకేసారి దాడులు చేసి సుమారు 500 కుక్కల్ని కాపాడారు. ఆ కుక్కల నుంచి తీసిన నమూనాలతో 2010లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డీఎన్ఏ డేటాబేస్ మొదలైంది. వేర్వేరు చోట్ల దొరికిన కుక్కల మధ్య రక్తసంబంధం తేలితే, వాటిని పెంచి అమ్మినవాళ్ల మధ్య సంబంధం కూడా బయటపడుతుంది.

మీ తెలిసినాయన చూసొచ్చానన్నారు కాబట్టి ఆ చోటు ఎక్కడో మీకు తెలిసే ఉంటుంది, లేదా తెలుసుకోగలరు. మీరు ఒంటరిగా అక్కడికి వెళ్లకండి, ఎవరినీ నిలదీయకండి. అక్కడ డబ్బు ఉంటుంది, తరచుగా ఆయుధాలూ మత్తుపదార్థాలూ ఉంటాయి. ఏ రోజు, ఏ వేళకు జనం చేరుతున్నారు, ఏ బండ్లు వస్తున్నాయి, గొలుసులకు కట్టిన కుక్కలు ఎన్ని అన్నవి తేదీలతో రాసి పెట్టండి. వీడియో చేతికొస్తే సోషల్ మీడియాలో పెట్టొద్దు. వాళ్లు జాగ్రత్తపడి రాత్రికి రాత్రే కుక్కల్ని మార్చేస్తారు, లేదా చంపేస్తారు. ఒక జంతు సంరక్షణ సంస్థను వెంటబెట్టుకుని పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఫిర్యాదు కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి. పట్టుబడ్డ కుక్కల్ని ఆ రాత్రి ఎక్కడ ఉంచుతారో ఆ సంస్థతో ముందే మాట్లాడుకోండి. మా దగ్గరికి పదకొండు వచ్చిన రాత్రి ఖాళీగా ఉన్న గదులు నాలుగే.